వరద తీశాక పాత ఇళ్లు, పాత వస్తువులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వరద తీసిన మరునాడు కోనసీమ లంక గ్రామాల్లో ఏ అరుగు మీద చూసినా దస్తావేజులు, పెళ్లి ఫొటోలు, భోషాణాల మూతలు ఎండలో పరిచి కనిపిస్తాయి. పాత ఇళ్లనూ వస్తువులనూ బాగుచేసే వృత్తిలో ఉన్న నాకు గోదావరి నీటికంటే ఆ ఎండే ఎక్కువ భయం కలిగిస్తుంది.

అపోహ: ఎంత త్వరగా ఎండబెడితే అంత మంచిది.

వాస్తవం: నీరు తాగిన టేకు ఎండలో పైపైన ఆరి ముడుచుకుంటుంది గాని, లోపల ఉబ్బు తగ్గదు కాబట్టి, ఆ లాగుడుకే పలక నెర్రెలు విచ్చుతుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. కాగితం విషయంలో మాత్రం తాత్సారం పనికిరాదు, ఎందుకంటే రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. పుస్తకాలు ఎక్కువగా ఉండి ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి గడ్డకట్టించి, తర్వాత కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు. రొయ్యల కోల్డ్ స్టోరేజీలున్న మన ప్రాంతంలో అదేమంత కష్టం కాదు, వాసన పట్టకుండా మూట బిగించాలి, అంతే.

అపోహ: తాళపత్రాల మీద మసి కొట్టుకుపోతే గ్రంథం పోయినట్లే.

వాస్తవం: అక్షరం ఉన్నది మసిలో కాదు, గంటం (ఆకు మీద రాసే ఇనుప మొన) గీసిన గాడిలో. ఒండ్రులో నానిన ఒక కట్టను విప్పినప్పుడు ఆకులన్నీ ఖాళీగా కనిపించాయి; ఒకదాన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే పంక్తి వెంట పంక్తి నీడలుగా లేచింది. శుభ్రపరచి ఆరనిచ్చి, నిమ్మగడ్డి నూనెలో దీపపు మసి కలిపి అద్ది తుడిస్తే చదవగలిగాము. సిరాతో రాసిన కాగితానికి ఈ ధైర్యం చెప్పలేను, దాన్ని రుద్ది కడగవద్దు.

అపోహ: అద్దానికి అంటుకున్న ఫొటోను వెంటనే ఊడదీయాలి.

వాస్తవం: ఊడదీస్తే బొమ్మ అద్దం మీదే మిగులుతుంది. అద్దంతో సహా ఉంచి, తెలిసినవారికి చూపించాలి.

అపోహ: పెచ్చులూడిన మండువా లోగిలి గోడకు సిమెంటు పూస్తే గట్టిపడుతుంది.

వాస్తవం: మా పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. అలాంటి పాత ఇళ్ల సున్నపు గోడ తాగిన నీటిని ఆవిరిగా బయటికి వదులుతుంది; సిమెంటు ఆ దారిని మూసేయడంతో తేమ పైపైకి పాకి, దానితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గట్టిపడి, లోపలినుంచి దాన్ని పిండి చేస్తుంది. నేను చూసిన ఒక ఇంట్లో సిమెంటు పూత గుల్లగా మోగుతుంటే తొలగించాము, వెనకనున్న ఇటుక వేలితో గీకితే రాలిపోయింది. కాబట్టి గోడను కనీసం ఒక వేసవి ఆరనిచ్చి, ఆ తర్వాత గానుగ సున్నంతోనే, అంటే గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నంతోనే, పూత పూయించాలి. ఈలోగా అడుగున తెల్లగా పొంగే ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తిపోయాలి. నీళ్లతో కడిగితే అది మళ్లీ గోడలోకే ఇంకుతుంది.