కాళ్ల తిమ్మిర్లు, అరికాళ్ల మంటలు: అపోహలు - వాస్తవాలు

నేను హన్మకొండల ఫంక్షనల్ మెడిసిన్, అంటే జబ్బుకు మూలం వెతికే పద్ధతిల ప్రాక్టీస్ చేసే డాక్టర్‌ని. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చేటోళ్లు చాలామంది ఇవే చెప్తరు, అరికాళ్లు మండుతున్నయ్, చీమలు పాకినట్టు ఉంటున్నది, కాలికున్న చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు అని. సంచి తీస్తే నరాల గోలీల స్ట్రిప్పులు బోలెడు ఉంటయ్, కానీ ఆ నరం ఎందుకు దెబ్బతిన్నదో ఏ చిట్టీల కూడ రాసి ఉండదు. పెరిఫెరల్ న్యూరోపతి (కాళ్లు చేతుల నరాలు దెబ్బతినుడు) అనే ఈ సమస్యల అన్నిటికంటే ముందు తేలాల్సింది ఆ ‘ఎందుకు’నే.

అపోహ: నరాల బలహీనత అంతే, నాలుగు బి12 సూదులు వేయించుకుంటే పోతది.

బి12 తక్కువుండి వచ్చిన తిమ్మిర్లయితే సూది బాగా పనిచేస్తది, అందుల డౌట్ లేదు. కానీ టెస్ట్ చేయించకముందే సూది వేయించుకుంటే తర్వాత రక్తంల బి12 ఎక్కువ చూపిస్తది, అసలు లోపం ఉండెనా లేదా అన్నది ఇగ తేలదు. అందుకే ముందు రక్తం ఇయ్యండి, ఆ తర్వాతనే సూది. ఇంకోటి, ‘మేము ఆదివారం ఆదివారం మటన్ తింటం, మాకు బి12 ఎందుకు తక్కువైతది డాక్టర్’ అంటరు. తినుడు ఒక్కటే కాదు, అది ఒంటికి పట్టాలె. షుగర్‌కు ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నోళ్లకు, గ్యాస్ అని రోజూ పొద్దుగాల పాంటాప్రజోల్ మింగేటోళ్లకు, జీర్ణాశయం ఆపరేషన్ అయినోళ్లకు తిన్నది తిన్నట్టే ఉన్నా బి12 పట్టుడు తగ్గుతది. మెట్‌ఫార్మిన్, గ్యాస్ గోలీ రెండూ కలిపి నడుస్తున్న ఇండ్లు మన దగ్గర ఎన్ని ఉన్నయో చూడుండ్రి. అట్లని ఆ మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు, అప్పుడప్పుడు బి12 చూపించుకుంటే సరిపోతది.

అపోహ: విటమిన్ గోలీనే కదా, ఎక్కువైనా ఏమైతది?

ఇది నన్ను నిజంగ భయపెట్టే మాట. బి6 ఎక్కువ రోజులు ఎక్కువ డోసుల తీసుకుంటే అదే నరాలను పాడుచేస్తది, తిమ్మిర్లు తగ్గాలని మింగిన గోలీతోటే తిమ్మిర్లు వస్తయ్. రోజుకు మనకు కావాల్సింది సుమారు 2 మిల్లీగ్రాములు, యూరప్‌ల ఆహార భద్రతా సంస్థ 2023ల రోజుకు 12 మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు పెట్టింది, మందుల షాపుల దొరికే కొన్ని గోలీలల్ల మాత్రం 50, 100 ఉంటయ్. రెండు మూడు రకాలు కలిపి వాడేటోళ్లు స్ట్రిప్పుల వెనుక పైరిడాక్సిన్ (అంటే బి6) ఎంతుందో చదివి కూడుకోండి. టీబీ మందు ఐసోనియాజిడ్ వాడేటోళ్లకు డాక్టర్ ఇచ్చే బి6 సంగతి వేరు, అది తప్పకుండ వేసుకోవాలె.

అపోహ: షుగర్ లేదంటే నరాలకు ఏం కాదు.

షుగర్ పెద్ద కారణమే, కానీ ఒక్కటే కాదు. గుడుంబా, మందు తాగే అలవాటు, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, కొన్ని క్యాన్సర్ మందులు, అన్నీ నరాలను దెబ్బతీస్తయ్. పత్తికి, మిర్చికి మందు కొట్టే రైతులను నేను తప్పకుండ అడుగుత, ఎందుకంటే కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఒంట్లకు బాగా పోతే వెంటనే వచ్చిన బాధ తగ్గినంక రెండు మూడు వారాలకు కాళ్లు తిమ్మిరెక్కి బలం పోతది. ఇగ తెల్లమచ్చ ఉండి దాని మీద గిల్లితే తెలుస్తలేదంటే కుష్టు అనుమానం, సిగ్గుపడి దాచుకోవద్దు, సర్కారు దవాఖానల మందు ఫ్రీ, పూర్తిగ నయమైతది.

అపోహ: ఫంక్షనల్ మెడిసిన్ అంటే ఇంగ్లీష్ మందులు అన్నీ బంద్ చేసుడు.

కాదు. 1991ల జెఫ్రీ బ్లాండ్ అమెరికాల సంస్థ పెట్టి ముందుకు తెచ్చిన ఈ పద్ధతిల పనికొచ్చేది నాకైతే ఒక్కటే, మూలం వెతుకుడు, దానికి తగ్గట్టు తిండి, నిద్ర, కదలిక సరిచేసుడు. దీని పేరు మీద వెంట్రుకలు పంపి చేయించే ఖరీదైన టెస్టులు, ఒంట్ల లోహాలు కడిగేస్తమనే సూదులు కూడ అమ్ముతుండ్రు, వాటికి పైసలు పెట్టొద్దు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ), రక్తం కౌంట్, మొదలు ఇవి చాలు.

మంటకు ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ నొప్పిని తగ్గిస్తయ్, నరాన్ని బాగుచేయవు, కానీ రాత్రి నిద్ర రానిస్తయ్, అది చిన్న విషయం కాదు. ఒక్కసారే ఆపితే ఇబ్బంది, మెల్లగ తగ్గించాలె. ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాములతోటి కొన్ని వారాల్ల మంట తగ్గినట్టు ట్రయల్స్ ఉన్నయ్, నాలుగేండ్ల ట్రయల్‌ల మాత్రం ఆశించినంత ఫలితం రాలేదు, కాబట్టి అద్భుతం అనుకోవద్దు.

అపోహ: షుగర్ ఎంత తొందరగ పడగొడితే నరాలకు అంత మంచిది.

ఇది చాలామందికి తెల్వదు. ఏండ్ల తరబడి 11, 12 ఉన్న హెచ్‌బీఏ1సీని రెండు మూడు నెలల్లనే బాగా దించితే కొందరికి కొత్తగ భరించలేని మంటలు మొదలైతయ్. అన్నం బంద్ పెట్టి కఠినమైన డైట్ చేసేటోళ్లు, ఇన్సులిన్ ఒక్కసారే పెంచుకున్నోళ్లు ఇది గుర్తుంచుకోండి, మెల్లగ దించుకోవాలె. అన్నం తగ్గిస్తే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ డోసు కూడ డాక్టర్‌ని అడిగి తగ్గించుకోవాలె, లేకపోతే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతయ్. జొన్నరొట్టె మంచిదే, కానీ నాలుగు రొట్టెలు తింటే షుగర్ పెరగక ఏం చేస్తది.

నరం పెరిగేదే రోజుకు ఒక మిల్లీమీటర్ దగ్గర దగ్గర. ‘21 రోజుల్ల పూర్తిగ నయం’ అనేటోళ్లను నమ్మకండి. బి12తోని వచ్చింది తొందరగ పట్టుకుంటే చాలావరకు వెనక్కి వస్తది, షుగర్‌తోని వచ్చింది మాత్రం ముదరకుండ ఆపుకునుడే పెద్ద గెలుపు.

అపోహ: టెస్ట్ నార్మల్ వచ్చింది, అంతా టెన్షనే.

నర్వ్ కండక్షన్ టెస్ట్ పెద్ద నరాలనే చూస్తది. మంట, పోట్లు తెచ్చే సన్న నరాలు అందుల కనపడవు. టెస్ట్ బాగున్నంత మాత్రాన మీరు అబద్ధం చెప్తున్నట్టు కాదు.

అపోహ: వేడినీళ్లల్ల ఉప్పేసి కాళ్లు పెడితే తిమ్మిరి దిగుతది.

స్పర్శ లేని కాలికి వేడి తెల్వదు, బొబ్బలొచ్చినంకనే చూస్తరు. అయ్యప్ప మాల వేసుకునే షుగరోళ్లు స్పర్శ టెస్ట్ చేయించుకోకుండ 41 రోజులు చెప్పుల్లేకుండ నడవొద్దు, ఎండల కాలిన గుడి బండల మీద కూడ నడవొద్దు. దేవుని మీద భక్తికి నేను అడ్డం చెప్తలేను, గురుస్వామిని అడిగి చెప్పులకు అనుమతి తీసుకోండి. ఇంట్ల మెత్తటి రబ్బరుతోటి చేసే ఎంసీఆర్ చెప్పులు, రాత్రి పడుకునే ముందు అరికాలు అద్దంల చూసుకునుడు, ఇవి ఏ గోలీ కంటే తక్కువ కాదు.

ఇగ వీటన్నిటికీ ఆగొచ్చు గానీ ఒకదానికి ఆగొద్దు. విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గిన కొన్ని రోజులకో వారాలకో, కాళ్ల నుంచి పైకి రోజురోజుకు బలం పోతా ఉంటే, లేవలేకపోతే, మింగుడు కష్టమైతే అది గులియన్ బారీ, అంటే ఒంటి రక్షణ శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు కావచ్చు, ఊపిరి మీదికి వస్తది. మా దగ్గరికి, ఆర్‌ఎంపీ దగ్గరికి తిరగకుండ నేరుగ వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన ఎమర్జెన్సీకి పోండి.