అపోహలు – వాస్తవాలు: ఇయర్ స్పీకర్ పోయిందా, మూసుకుపోయిందా?

అమలాపురంలో మా సెల్ రిపేరు షాపు కౌంటరు మీదకి ఈ మధ్య ఒకే రకం సరంజామా పదేపదే వస్తోంది. కవర్లో విప్పేసిన ఫోను, కాగితంలో పొట్లం కట్టిన స్క్రూలు, ఆన్‌లైన్లో తెప్పించిన కొత్త ఇయర్ స్పీకరు, అంటే కాల్‌లో చెవి దగ్గర మాట వినిపించే చిన్న స్పీకరు. విప్పేటప్పుడు దెబ్బతిన్న డిస్‌ప్లే మీద పైనుంచి కిందకి ఒక ఆకుపచ్చ గీత. “కాల్‌లో మాట సరిగ్గా వినపడటం లేదండి, వీడియో చూసి నేనే మార్చేద్దామని విప్పాను” అంటారు. వాళ్ళు తీసి పారేద్దామనుకున్న పాత స్పీకర్‌కి మీటరు పెట్టి చూస్తే అది నిక్షేపంగా ఉంటుంది. రెండొందల సామానుతో అయిపోతుందనుకున్న పని వేలు పోసి కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన భాగం) మార్చేదాకా వస్తుంది. అలాంటప్పుడు ఎదుటి మనిషి మొహం చూడలేం.

ఇంట్లో ఎవరూ ఫోను విప్పకూడదని నేను అనను. చెయ్యి కుదురు, ఓపిక ఉన్నవాళ్ళు కొన్ని మోడల్స్‌లో ఇయర్ స్పీకర్ హాయిగా మార్చుకోవచ్చు. మార్చాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోకుండా హీట్ గన్ పట్టుకోవడం దగ్గరే జనం నష్టపోతున్నారు.

అపోహ: కాల్‌లో మాట చిన్నగా వినపడుతోందంటే ఇయర్ స్పీకర్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు స్పీకర్ బాగానే ఉంటుంది. దాని ముందున్న జాలీ పూడిపోయి ఉంటుంది.

ఈ ఒక్క మాట బుర్రకెక్కితే చాలామంది డబ్బు మిగులుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇయర్ స్పీకర్‌లో ఉన్నది చిన్న అయస్కాంతం, సన్నటి తీగ చుట్ట, ఆ చుట్టకి అతికిన పల్చటి పొర. తీగ తెగితే శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. పొర చిరిగినా, అయస్కాంతానికి ఇనుప రజను పట్టినా మాట గరగరమంటుంది, బొంగురుపోతుంది. ఒకసారి వినపడి ఒకసారి వినపడకపోతే, ఫోను నొక్కితే వచ్చి వదిలితే పోతుంటే, అది కాంటాక్ట్ లోపం. ఇవేవీ కాకుండా మాట స్పష్టంగానే ఉండి, నెలల తరబడి కొద్దికొద్దిగా సన్నగిల్లుతూ వచ్చిందా? మొదటి అనుమానం జాలీ మీదే పెట్టుకోండి. మిల్లులో జల్లెడ పూడిపోతే బియ్యం దిగనట్టే, ఇక్కడ శబ్దం బయటికి రాదు.

మన కోనసీమలో జాలీ పూడటానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పనివాళ్ళ ఫోన్లలో పీచు పొట్టు కనబడుతుంది. రైసు మిల్లు వాళ్ళవాటిలో తవుడు, ఊక దుమ్ము. రొయ్యల చెరువుల మీద ఉండేవాళ్ళ ఫోన్లలో మేత పొడి. వీటికి చెంప మీది చెమట, పౌడరు, తలనూనె తోడవుతాయి. మన గాలిలో తేమకి అదంతా ముద్దై, తర్వాత బిళ్ళ కట్టేస్తుంది. పైనుంచి చూస్తే జాలీ కాస్త మాసినట్టు ఉంటుందంతే. టార్చి వేసి, భూతద్దం పెట్టి చూస్తేగానీ తెలీదు.

ఇంకో కారణం మా వృత్తిలోదే, చెప్పి తీరాలి. అంచులు వంపు తిరిగిన ఫోన్లకి యూవీ గ్లాస్ వేస్తారు కదా. ఆ గమ్ పలచగా ఉంటుంది. వేసేటప్పుడు ఇయర్‌పీస్ సందుని సరిగ్గా మూయకపోతే గమ్ జాలీలోకి దిగి, యూవీ లైటు తగలగానే అక్కడే గట్టిపడిపోతుంది. గ్లాస్ వేయించిన రోజు నుంచే మాట తగ్గిందంటే కారణం అదే. దాన్ని బ్రష్‌తో తీయలేం, జాలీయే మార్చాలి. గ్లాస్ వేయించే ముందు “ఇయర్‌పీస్ మూసి వేయండి” అని గట్టిగా అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

సరే, తేల్చుకోవడం ఎలా? కాల్‌లో ఉండగా వాల్యూమ్ బటన్ పైకి నొక్కండి. పాటల వాల్యూమ్ వేరు, కాల్ వాల్యూమ్ వేరు. కాల్ మాట్లాడుతూ నొక్కితేనే రెండోది పెరుగుతుంది. కేవలం దీనికోసం రాజోలు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు. బ్లూటూత్ ఆపండి, పక్క గదిలో ఉన్న బడ్స్‌కి మాట వెళ్ళిపోతూ ఉండొచ్చు. టెంపర్డ్ గ్లాస్ పక్కకి జరిగి సందుని మూసిందేమో చూసి, అవసరమైతే పీకేయండి. ఒక్క మనిషి మాటే చిన్నగా వినపడుతుంటే లోపం వాళ్ళ మైకులోనో సిగ్నల్‌లోనో ఉన్నట్టు. మీ మాట వాళ్ళకి వినపడకపోతే అది మీ మైకు సంగతి, ఇయర్ స్పీకర్‌తో పనే లేదు. చాలా శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# కొడితే టెస్ట్ మెనూ వస్తుంది, అందులో ‘రిసీవర్’ అన్నది నొక్కితే చెవి దగ్గర శబ్దం రావాలి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో *#*#6484#*#* కొట్టండి. శబ్దం స్వచ్ఛంగా, కానీ సన్నగా వస్తే జాలీ. గరగరమంటే స్పీకర్. అసలు రాకపోతే స్పీకర్, కాంటాక్ట్, లేదా బోర్డు మీది ఆడియో భాగం.

శుభ్రం చేయడానికి కొత్త మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ఫోను ఆపేయండి. డిస్‌ప్లే నేల వైపు ఉండేలా పట్టుకుని కింది నుంచి బ్రష్‌తో మెల్లగా, సందు పొడవునా రుద్దండి. రాలింది కిందకే పోవాలి, లోపలికి పోకూడదు. తర్వాత రంగులు వేసేవాళ్ళు వాడే కాగితం టేపు ముక్క జాలీ మీద అద్ది పీకండి. టేపుకి అంటుకున్నది చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇంకా జిడ్డు వదలకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్ కొసకి తడి తగిలీ తగలనట్టు అద్ది, అలాగే బోర్లా పట్టుకుని రుద్ది, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి. పెట్రోలు, థిన్నర్, గోళ్ళరంగు తుడిచే ద్రవం అసలే వద్దు.

అల్లవరం వైపు నుంచి ఒక మామ్మగారు వచ్చారు, మనవడిని తోడు తీసుకుని. కొడుకు కువైట్‌లో ఉంటాడు, రాత్రి పని దిగాక ఫోను చేస్తాడు. కొన్ని నెలలుగా కొడుకు మాట అందక, తన చెవులే పోయాయని ఆవిడ నిశ్చయానికి వచ్చేశారు. “వాడు ఏదో చెప్తూనే ఉంటాడు బాబూ, నాకు అందదు. ఊఁ ఊఁ అని పెట్టేస్తాను. మళ్ళీ చెప్పమంటే వాడికి బెంగ” అన్నారు. ఇంట్లోవాళ్ళు స్పీకర్ ఆన్ చేసి ఇస్తే ఆవిడకి ఇష్టం లేదు. కొడుకు తనతో చెప్పుకునే కష్టసుఖాలు వీధి అరుగు మీదవాళ్ళు కూడా వింటారని. మనవడు కొత్త స్పీకర్ వేయమన్నాడు. జాలీ నిండా పౌడరు, నూనె. శుభ్రం చేసి, మనవడినే వీధిలోకి పంపి అక్కడి నుంచి ఫోను చేయించాను. ఆవిడ వెంటనే ఫోను చెవికి కాస్త దూరంగా జరిపి “మెల్లగా మాట్లాడరా” అన్నారు. స్పీకర్ పాతదే. ఆవిడ ఇన్నాళ్ళు పడిన దిగులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఫోను మాట్లాడటం తగ్గించేస్తే ఒకసారి వాళ్ళ ఫోను మీ చెవి దగ్గర పెట్టుకుని చూడండి. మీకు బాగా వినపడి, వాళ్ళకి ఏ ఫోనులోనూ వినపడకపోతే అప్పుడు చెవి డాక్టరుకి చూపించండి. అది గుబిలి తీయించుకుంటే పోయేది కూడా కావచ్చు.

అపోహ: పిన్నీసుతో పొడిచినా, పంక్చర్ షాపులో గాలి కొట్టించినా జాలీ శుభ్రమైపోతుంది.

వాస్తవం: బాగున్న స్పీకర్ పోయేది ఇలాగే. జాలీ వెనకే ఆ పల్చటి పొర ఉంటుంది, పిన్ను దిగితే చిరిగినట్టే. కంప్రెసర్ గాలికి దుమ్ము బయటికి రాదు, లోపలికి వెళ్ళి పొర మీద కూర్చుంటుంది, పొర కూడా దెబ్బతింటుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ ఈ గాలి కొట్టించే చిట్కా ఊరూరా తిరుగుతోంది. దయచేసి మానండి.

అపోహ: ఒక వీడియో చూస్తే ఏ ఫోనైనా మార్చేయవచ్చు.

వాస్తవం: మీ ఫోను సరిగ్గా ఏ మోడలో ఆ మోడల్ వీడియోనే చూడాలి, అదీ చివరిదాకా, విప్పకముందే. కొన్నింటిలో వెనక గ్లాసు తీసి, పైభాగం స్క్రూలు విప్పితే ఇయర్ స్పీకర్ ఊడి చేతికొస్తుంది. స్ప్రింగ్ కాంటాక్టుల మీద కూర్చుని ఉంటుంది, సోల్డరింగ్ పనిలేదు. ఇంట్లో చేసుకోదగ్గవి ఇవే. చాలాసార్లు ఆ కాంటాక్టులకి మన ఉప్పుగాలికి చిలుము పట్టి ఉంటుంది, ఐసోప్రొపైల్‌తో తుడిస్తే పాత స్పీకరే పలుకుతుంది. కొన్నింటిలో స్పీకర్ డిస్‌ప్లే కింద ఉంటుంది, అంటే డిస్‌ప్లే లేపాలి. అమోలెడ్ రకం డిస్‌ప్లే అయితే వేడి కాస్త ఎక్కువైనా, లేపడానికి వాడే పల్చటి పిక్ కాస్త లోపలికి దిగినా ఆ ఆకుపచ్చ గీత పడుతుంది. అలాంటివి మాత్రం ఇంట్లో వద్దు.

విప్పేవాళ్ళు చార్జింగ్ పాతిక శాతం లోపుకి దించుకోండి, సిమ్ ట్రే తీయండి, లోపల అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బ్యాటరీ పక్కన ఇనుప వస్తువు పెట్టొద్దు, గుచ్చుకుంటే మంట. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద ఫోను బొమ్మ గీసి ఆ చోటే పెట్టుకోండి. పొట్టి స్క్రూ చోట పొడుగు స్క్రూ బిగిస్తే బోర్డే పోతుంది. స్పీకర్ చేతికొచ్చాక మల్టీమీటరు ఓమ్‌లలో పెట్టి చూడండి. మోడల్‌ని బట్టి 8 చుట్టుపక్కల నుంచి 32 చుట్టుపక్కల దాకా ఏదో ఒకటి చూపిస్తే తీగ చుట్ట బాగున్నట్టే. మీటరు అసలు కదలకపోతే తెగినట్టు, అప్పుడు కొత్తది కొనండి.

ఐఫోన్ ఉన్నవాళ్ళకి విడిగా ఒక హెచ్చరిక. ఐఫోన్ 10 నుంచి 12 వరకు, ఫేస్ ఐడీ ఉన్న మోడల్స్‌లో, ఇయర్ స్పీకర్ స్ట్రిప్ (స్పీకర్‌ని అతికించిన పల్చటి రిబ్బన్) మీదే ఫేస్ ఐడీకి కావలసిన భాగం ఒకటి ఉంటుంది. అది ఆ ఫోను బోర్డుతో జత కట్టి ఉంటుంది. స్ట్రిప్ మొత్తం కొత్తది వేస్తే మాట వినపడుతుంది, ఫేస్ ఐడీ పోతుంది. పాత స్ట్రిప్ ఉంచి స్పీకర్ ఒక్కటే మార్చాలి, అది చెయ్యి తిరిగినవాళ్ళ పని. పాత స్ట్రిప్ చింపేశాక మా దగ్గరికి వస్తే మేము చేయగలిగింది చాలా తక్కువ.

కొన్ని షావోమీ ఫోన్లలో చెంప దగ్గరికి వచ్చిందని పసిగట్టడానికి వేరే సెన్సర్ లేదు. ఇయర్ స్పీకరే మనకి వినపడని శబ్దం పంపి ఆ పని చేస్తుంది. నాసిరకం కాపీ స్పీకర్ వేస్తే కాల్‌లో స్క్రీన్ ఆరదు, చెంప తగిలి కాల్ కట్ అయిపోతుంటుంది. అందుకే సామాను కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. “పెద్ద సౌండ్” ఇయర్ స్పీకర్ వేయించుకోవచ్చన్నది అబద్ధం. శబ్దం ఎంతన్నది బోర్డు మీది ఆంప్లిఫయర్, సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తాయి, సరిపడని స్పీకర్ వేస్తే కొద్ది రోజుల్లో అదీ పోతుంది. వాల్యూమ్ బూస్టర్ యాప్‌లు జాలీలోని పొట్టుని తీయలేవు. ఐపీ67, ఐపీ68 అని నీళ్ళు, దుమ్ము నుంచి రక్షణ గుర్తు ఉన్న ఫోను ఒకసారి విప్పాక, ఎంత బాగా అతికించినా నీటి రక్షణ మీద ఆశ పెట్టుకోవద్దు. వారంటీ ఉంటే విప్పనే వద్దు, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. రిపేరుకి ఇస్తే షాపువాళ్ళు లోపలి ఒరిజినల్ సామాను మార్చేస్తారన్న భయం మీకుంటే, ఎదురుగా కూర్చుని చేయించుకోండి, తీసిన పాత సామాను అడిగి తీసుకోండి. నిజాయితీగా పనిచేసేవాడు ఎవడూ కాదనడు.

అపోహ: నీళ్ళలో పడ్డ ఫోను బియ్యం డబ్బాలో పెడితే స్పీకర్ బాగుపడుతుంది.

వాస్తవం: ధాన్యం పండే చోట ఉన్నాం కాబట్టి మనకి బియ్యం మీద నమ్మకం ఎక్కువ. బియ్యం ఫోను లోపలి నీటిని లాగవు. పైగా పిండి, నూక సందుల్లోకి, జాలీలోకి పోతాయి. ఆపిల్ కూడా తన వినియోగదారులకి బియ్యంలో పెట్టొద్దనే చెప్తోంది. అందులోనూ మన దగ్గర పడేది ఎక్కువగా రొయ్యల చెరువుల్లో. అది ఉప్పు నీరు. డబ్బాలో పెట్టిన రెండు మూడు రోజులూ ఆ ఉప్పు లోపల కాంటాక్టుల్ని తింటూనే ఉంటుంది. చెరువులో పడితే వెంటనే ఆఫ్ చేయండి, చార్జింగ్ పెట్టకండి, ఆన్ అవుతుందేమోనని నొక్కి చూడకండి. ఇయర్‌పీస్ ఒకసారి, చార్జింగ్ సందు ఒకసారి కిందకి ఉండేలా దులిపి, సిమ్ ట్రే తీసేసి, ఆ రోజే దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్ళి “ఉప్పు నీళ్ళలో పడింది” అని ముందే చెప్పండి. మంచినీళ్ళలో పడిన ఫోనుకీ దీనికీ మేము చేసే పని వేరు. విప్పి, బోర్డు ఐసోప్రొపైల్‌తో కడగాలి. చెప్పకుండా “ఊరికే ఆగిపోయింది” అని ఇస్తే మేము చార్జర్ పెట్టి చూస్తాం, అంతటితో బోర్డు కాలిపోవచ్చు.