అడంగల్ లేని నీళ్లు

ఉరవకొండ చుట్టుపక్కల గాలిమరల కింద శెనక్కాయ పంట ఎప్పటిలాగే పండుతుంది. మరకు కావలసింది ఒక దిమ్మె, క్రేన్ రావడానికి దారి, కరెంటు తీగలు. మిగతా చేను రైతుదే. ఎండపొద్దున గొర్రెల మంద ఆ స్తంభం నీడకే చేరుతుంది. ఇది చూసిన కళ్లతో, సముద్రంలో గాలిమరలు పెడితే మత్స్యకారులకు ఇబ్బందేమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. అన్ని నీళ్లున్నాయి, పక్కన వల వేసుకోవచ్చు కదా అనుకున్నాను.

చేను ఒక పొర. సముద్రం అంతస్తుల మేడ. పైన ఓడలు, మధ్యలో చేపలు, అడుగున ఇంటర్నెట్ కేబుళ్లు, ఇంకా కిందికి పోతే కృష్ణా–గోదావరి తీరంలో మాదిరి చమురు, గ్యాసు. ఒక అంతస్తులో ఉన్నవాడు తన అంతస్తులోనే ఉండిపోతే తగాదా లేదు. కానీ మరబోటు ట్రాల్ వలను అడుగు దాకా దించి ఈడుస్తుంది. వల నోరు తెరిచి ఉంచే బరువైన పలకలు నేలను మడక మాదిరి గీరుకుంటూ పోతాయి. కరెంటు కేబుల్‌కు ఆ పలక తగులుకుంటే కేబులూ పోతుంది, వలా పోతుంది, పడవ తిరగబడినా తిరగబడుతుంది. ఇంకో రకం వలలు ప్రవాహం ఎటు తోస్తే అటు కొట్టుకుపోతాయి. అవి స్తంభాల మధ్య సందు చూసుకుని పోవు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా వనరులపై హక్కు ఆ దేశానిది. అక్కడ కట్టిన కట్టడం చుట్టూ 500 మీటర్ల వరకు రక్షణ వలయం గీసుకోవచ్చు. లెక్క వేస్తే ఒక్క స్తంభానికి 194 ఎకరాలు! మా వైపు అంత చేను ఉన్నవాడిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బెల్జియం తన గాలిమరల చుట్టూ ఇలాగే పడవలను ఆపేసింది. బ్రిటన్ ఆపలేదు, అయినా వల పోతుందని చాలామంది అటు పోరు. చిత్రమేమిటంటే ఆ స్తంభాలకు ఆల్చిప్పలు పట్టి, వాటి చుట్టూ చేపలు బాగా చేరతాయి.

మన దేశం 2015లో సముద్ర పవన విద్యుత్ విధానం ప్రకటించి గుజరాత్, తమిళనాడు తీరాలను ఎంచుకుంది. ఏ అలల మీద ఎవరికి ఎంత అని ముందే గీసుకునే పనిని సముద్ర స్థల ప్రణాళిక అంటారు. అన్నదమ్ముల భాగపంపకాలే నయం, అక్కడ గట్టు వేయొచ్చు. ఇక్కడ చేప కాలాన్ని బట్టి చోటు మారుస్తుంది, దాని వెనకే పడవా మారుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. ఆ రోజుల్లో సర్వే చేస్తే సముద్రం ఖాళీగానే కనబడుతుంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. పెద్ద ఓడలు తమ ఉనికిని రేడియో సంకేతాలతో చెబుతూనే ఉంటాయి కాబట్టి మ్యాపులో వాటి దారులు చిక్కటి గీతలుగా పడతాయి. చిన్న పడవల్లో చాలావాటికి ఆ పరికరం ఉండదు, వాటి చోటు తెల్లగా మిగులుతుంది. మత్స్యకారుణ్ణి నేను రైతుతో పోల్చి పొరబడ్డాను. పోల్చాల్సింది గొర్రెల కాపరితో. వేసవిలో ఏ బీట్లో మేత ఉందో అతనికి తెలుసు, ఏ చేను ఎవరిదో, అందులో ఏ పంటో రాసిపెట్టే అడంగల్‌లో మాత్రం అతని మంద ఎక్కడా ఉండదు.