ఆఖరి రౌండు ఎవరి కోసం?

తిరుపతి

చిరంజీవులైన మైదానం పిల్లలకు ఆశీస్సులు.

మొన్న యూనివర్సిటీ మైదానంలో మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతూ, "తాతా, పతకం కోసం పరుగెత్తడం తప్పా?" అని మీలో ఒకరు అడిగితే, డ్రిల్లు మాస్టరుగా పనిచేసిన అలవాటు కొద్దీ "ముందు నీళ్ళు తాగు" అని దాటవేశాను.

తప్పు కాదు. అయితే పతకం మీద ఆశ వేరు, పతకం రాకపోతే ఇంట్లో ముఖం ఎలా చూపించాలన్న భయం వేరు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఇటువంటి తేడాలనే వరుసలో పెట్టి చూపించారు: ఒక కొసన ఇతరులిచ్చే బహుమతీ బెత్తమూ, మరో కొసన ఆటలోని ఆనందం, నడుమ సిగ్గుతో తనను తానే అదిలించుకోవడం, ఆపైన కష్టమైనా ఇది నాకు కావాలని ఎరిగి చేయడం. ఈ చివరిదాన్ని మీరు తక్కువగా చూడకండి. అలిపిరి దారిలోని 3,550 మెట్లలో మోకాళ్ళ మెట్టు దగ్గర ఎవరికీ హాయిగా ఉండదు. మొక్కు తనదైనవాడు మాత్రం కాసేపు కూర్చొని మళ్ళీ లేస్తాడు.

కెనడా ఈతగాళ్ళను 22 నెలలు గమనించి 2001లో ప్రచురించిన పరిశోధనలో, సిగ్గు, అపరాధభావం తొలి 10 నెలలు పిల్లలను కొలనులో నిలిపాయి. ఆ తరువాత ఆ బలం పనిచేయలేదు. తమ ఇష్టంతో ఎంచుకున్నవారే ఎక్కువగా నిలిచారు. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది, దాచను: బల్గేరియా మేటి క్రీడాకారులపై 1996లో వెలువడిన అధ్యయనంలో, గెలుపు తప్ప మరేదీ లెక్కకు రాని వ్యవస్థలో పెరిగిన వారిలో, ఎక్కువ గెలిచినవారికి బయటి ఒత్తిడే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కాబట్టి భయంతో పతకాలు రావని చెప్పలేను. ఎన్నాళ్ళు వస్తాయన్నదే నా సందేహం.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పొద్దున పరుగులో ముందు వచ్చినవాడికి రోజూ రెండు రూపాయలిచ్చేవాణ్ణి. ఎండలో కూడా ఆపమంటే ఆగని కుర్రవాడొకడు, నెల తిరిగేసరికి గీత దగ్గర నిలబడి, "ఈ పొద్దు ఎంతిస్తారు సార్?" అన్నాడు. ఆ రోజు నా జేబులో చిల్లర లేదు, వాడు పరుగెత్తలేదు. అంతకుముందు ఊరికే పరుగెత్తినవాడే!

రేపు ఆఖరి రౌండు ఎంత దూరమో మీలో మీరు మాట్లాడుకొని నాకు చెప్పండి. స్టాప్‌వాచీ పట్టుకొని ఐదున్నరకు వస్తాను.

మీ తాత