మొదటి ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్: స్టూడియోలో తరచుగా వినే అపోహలు, అసలు వాస్తవాలు

కొత్తగా కెమెరా కొన్నవారూ, పెళ్లి ఫోటోల పని నేర్చుకోవడానికి మా స్టూడియోకు వచ్చే యువకులూ మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. దానికి నేను ఫోటో చివరికి ఎక్కడికి వెళ్తుందని ఎదురు ప్రశ్న వేస్తాను. ఆల్బం షీటు మీదికా, ఫ్లెక్సీ మీదికా, వీసా దరఖాస్తులోకా, వాట్సాప్ స్టేటస్‌లోకా అన్నది తేలితే సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం తేలినట్టే. ఆ సంగతి ఆలోచించకుండా పేరు విని ఎంచుకోవడం వల్లనే కింది అపోహలలో చాలా భాగం పుడుతున్నాయి.

అపోహ: ఫోటో ఎడిటింగ్ అంటే ఫోటోషాపే. మొదలుపెడితే దానితోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: థామస్ నోల్ 1987లో మొదలుపెట్టి, తన సోదరుడు జాన్ నోల్‌తో కలిసి అభివృద్ధి చేసిన ఈ ప్రోగ్రామును అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో మొదట మాకింటాష్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. ఆ తర్వాత అది ఎంతగా వ్యాపించిందంటే, మన ఊళ్లలో ఫోటోను సరిచేయించమనడానికి బదులు ‘ఫోటోషాప్ చేయించు’ అనడమే వాడుకైంది. అయితే ఫోటోషాప్ ప్రధానంగా ఒక్క చిత్రం మీద కూర్చుని లోతుగా పనిచేయడానికి తయారైన సాధనం. వెనుక ఉన్న గోడను తీసివేయడం, చిరిగిన పాత ఫోటోను అతికినట్టు చేయడం, లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, పేర్చి ఆల్బం షీటు కూర్చడం వంటి పనులలో దానికి సాటి వచ్చేవి తక్కువ.

పెళ్లి ఫోటోల పని మొదలయ్యేది అక్కడ కాదు. రెండు వేల ఫోటోలతో నిండిన కార్డు చేతికి వచ్చినప్పుడు మొదట చేయవలసింది కళ్లు మూసుకున్నవీ మసకబారినవీ ఏరివేయడం, జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఒక్కో ఘట్టంలోని వెలుగును, రంగును ఒకే తీరుకు తీసుకురావడం. పసుపుపచ్చని మండపం లైటు కింద తీసిన నూట యాభై ఫోటోలలో ఒకదానిని సరిచేసి, ఆ మార్పును మిగిలిన వాటన్నిటికీ ఒక్కసారిగా వర్తింపజేసే సాఫ్ట్‌వేర్ ఇక్కడ కావాలి. అడోబీ సంస్థే 2007లో లైట్‌రూమ్‌ను విడిగా తేవడానికి ఇదే కారణం. ఫోటోషాప్‌లో రా ఫైళ్లను తెరిచే కెమెరా రా అనే భాగం, లైట్‌రూమ్ రెండూ లోపల ఒకే ప్రాసెసింగ్ ఇంజిన్ మీద నడుస్తాయి కనుక, వీటిలో ఏది ఎక్కువ నాణ్యత ఇస్తుందన్న వాదనకు పెద్దగా అర్థం లేదు. తేడా అంతా పని జరిగే పద్ధతిలోనే ఉంది.

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. మన రెండు రాష్ట్రాలలో ఆల్బం డిజైనర్‌గా ఉద్యోగం వెతుక్కునేవారిని ఫోటోషాప్ వచ్చా అనే అడుగుతారు, ఎందుకంటే డిజైనర్లు వాడే టెంప్లేట్లు చాలావరకు ఫోటోషాప్ సొంత రకమైన పీఎస్‌డీ ఫైళ్లే. ఉద్యోగమే లక్ష్యమైతే అది నేర్చుకోక తప్పదు. సరదాగా ఫోటోలు తీసుకునే వ్యక్తికి మాత్రం ఆ అవసరం లేదు.

అపోహ: లైట్‌రూమ్‌లోకి ఇంపోర్ట్ చేస్తే ఫోటోలు దానిలో భద్రంగా ఉంటాయి. కార్డును, ఫోల్డరును ఖాళీ చేయవచ్చు.

వాస్తవం: కొత్తవారికి ఎక్కువ కన్నీళ్లు తెప్పించిన అపోహ ఇదే. కంప్యూటర్ మీద వాడే లైట్‌రూమ్ క్లాసిక్ ఫోటోలను తనలో దాచుకోదు. ఏ ఫోటో ఏ ఫోల్డరులో ఉంది, దానికి ఎంత ఎక్స్‌పోజర్ పెంచారు, ఎక్కడ క్రాప్ చేశారు అన్న వివరాలను మాత్రమే కేటలాగ్ అనే ఫైలులో రాసుకుంటుంది. అసలు ఫోటో ఎప్పటిలాగే హార్డ్‌డిస్కులో ముట్టుకోకుండా ఉంటుంది. మా దగ్గర పని నేర్చుకున్న ఒకతను, స్థలం చాలడం లేదని సీమంతం ఫోటోల ఫోల్డరు మొత్తాన్ని తొలగించి, తెర మీద చిన్న బొమ్మలు ఇంకా కనిపిస్తున్నాయి కదా అని రెండు రోజులు నిశ్చింతగా ఉన్నాడు. మూడో రోజు ఎక్స్‌పోర్ట్ చేయబోతే అసలు ఫైలు దొరకలేదని సందేశం వచ్చింది. అదృష్టవశాత్తు కార్డును ఇంకా ఫార్మాట్ చేయలేదు.

ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ కూడా అసలు ఫోటోను ముట్టుకోకుండా, చేసిన మార్పులను తన డేటాబేసులోనూ, ఫోటో పక్కనే ఉండే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులోనూ రాసుకుంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా, అది మార్పులను ఎక్కడ రాస్తుందో మొదటి రోజే తెలుసుకోవాలి. కేటలాగును బ్యాకప్ చేసి అసలు ఫోటోలను వదిలేసినా, ఫోటోలను బ్యాకప్ చేసి కేటలాగును వదిలేసినా చేసినది సగం పనే.

అపోహ: రా ఫైళ్లు తీస్తే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనక తప్పదు.

వాస్తవం: రా ఫైలు అంటే కెమెరా సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఇంకా ఫోటోగా వండకుండా దాచిన ఫైలు. అది ఎందుకు కావాలో ముందు చూద్దాం. మామూలుగా అందరూ వాడే జేపెగ్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒక్కోదానికి 256 మెట్లు మాత్రమే ఉంటాయి. 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్ల దానిలో 16,384 మెట్లు ఉంటాయి. నీడలో పడిన పెళ్లికూతురి ముఖాన్ని కాస్త వెలుగులోకి తేవాలన్నప్పుడు, జేపెగ్‌లో చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు విడిపోతే, రాలో ఆ మార్పు నున్నగా వస్తుంది. పైగా జేపెగ్‌ను తెరిచి, మార్చి, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత సమాచారం పోతూనే ఉంటుంది.

ఈ రా ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్‌ను కెమెరా కంపెనీలే ఉచితంగా ఇస్తున్నాయి. కానన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్ వారి ఎన్‌ఎక్స్ స్టూడియో, సోనీ వారి ఇమేజింగ్ ఎడ్జ్ ఇటువంటివే. ఇవి వేగంలో కొంచెం వెనుకబడినా, కెమెరా తెర మీద కనిపించిన రంగులకు దగ్గరగా ఇస్తాయి కనుక కొత్తవారికి మంచి ఆరంభమని నా అభిప్రాయం. రా ఫైళ్లను తెరిచే ఉచిత సాధనాలైన డార్క్‌టేబుల్, రాథెరపీ శక్తిమంతమైనవే, కానీ మొదటి వారంలోనే వాటిలోని మాడ్యూళ్ల జాబితా చూసి బెదిరిపోయి ఎడిటింగే మానేసినవారిని చూశాను. ఆరు నెలల తర్వాత వాటి జోలికి వెళ్లడం మేలు.

అపోహ: జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నాసిరకం.

వాస్తవం: ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో మొదలుపెట్టిన జింప్, 2018లో 2.10 వెర్షన్ వచ్చేదాకా ఒక్కో రంగుకు 8 బిట్లకే, అంటే 256 మెట్లకే పరిమితమై ఉండేది. ఇప్పుడు ఆ పరిమితి లేదు. వేసిన ఫిల్టరును తర్వాత తిరిగి మార్చుకునే వీలు 2025 మార్చిలో విడుదలైన 3.0తో వచ్చింది. వెలుగునీడలను సరిచేసే కర్వ్స్, లెవెల్స్, పొరలు పేర్చే లేయర్, పొరలో కొంత భాగాన్ని దాచే మాస్క్ అనే నాలుగింటినీ జింప్‌లో క్షుణ్ణంగా నేర్చుకున్నవారు ఫోటోషాప్‌కు మారితే, మెనూ ఎక్కడుందో వెతుక్కోవడానికి పట్టే సమయం తప్ప కొత్తగా నేర్చుకోవలసింది తక్కువే. పీఎస్‌డీ టెంప్లేటు తెరిచి చూడడమే అవసరమైతే, బ్రౌజరులోనే నడిచే ఫోటోపీ సరిపోతుంది. అది ఫైలును ఎక్కడో సర్వరుకు పంపకుండా మన కంప్యూటరులోనే తెరుస్తుంది.

అపోహ: నేర్చుకోవడానికే కదా, డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం పగలగొట్టిన క్రాక్ వెర్షన్ వేసుకుంటే తప్పేముంది?

వాస్తవం: పెన్‌డ్రైవులో తిరిగే క్రాక్ ఫైలు మొదట చెప్పేది యాంటీవైరస్‌ను ఆపివేయమని. ఇంటి తలుపు తీసిపెట్టి నిద్రపొమ్మని చెప్పడంతో ఇది సమానం. ఇటువంటి క్రాక్‌ల ద్వారానే వ్యాపించే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ బారిన పడి, తెలిసిన ఒక స్టూడియోవారు మూడు పెళ్లిళ్ల ఫైళ్లను పోగొట్టుకున్నారు. ప్రతి ఫైలు పేరు చివరా ఏవో అక్షరాలు చేరాయి, ఏదీ తెరుచుకోలేదు. చెదిరిన మండపాన్ని మళ్లీ కట్టించి, పెళ్లి మళ్లీ చేయించలేం కదా!

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, అనధికార ప్రతి అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వ్యాపారం కోసం కాకపోతే జైలుశిక్ష లేకుండా వదిలే అధికారం కోర్టుకు ఉంది గాని, డబ్బు తీసుకుని ఆల్బం చేసేవారు ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకోలేరు. నెలనెలా చందా కట్టడం భారమనిపించేవారికి పైన చెప్పిన ఉచిత సాధనాలు ఉండనే ఉన్నాయి.

అపోహ: ఫోనులో చేసేది ఎడిటింగే కాదు.

వాస్తవం: గూగుల్ ఉచితంగా ఇచ్చే స్నాప్‌సీడ్‌లో కర్వ్స్ ఉంది, మచ్చలు చెరిపే హీలింగ్ ఉంది, ఫోటోలో ఎంచుకున్న చోటును మాత్రమే వెలిగించే సెలెక్టివ్ ఉంది. డీఎన్‌జీ అనే రకం రా ఫైలును కూడా అది తెరుస్తుంది. ముఖాన్ని తనంతట తానే తెల్లగా, నున్నగా మార్చే బ్యూటీ యాప్‌ల సంగతి వేరు, వాటిని ఎడిటింగ్ నేర్పేవిగా నేను లెక్కించను. వీసా ఫోటోలకైతే వాటిని అసలే వాడకూడదు. అమెరికా వీసా దరఖాస్తుకు పెట్టే డిజిటల్ ఫోటో చదరంగా, 600×600 నుంచి 1200×1200 పిక్సెళ్ల మధ్య, 240 కేబీకి మించని జేపెగ్‌గా ఉండాలి. ముఖంలో మార్పులు చేసిన ఫోటోను అంగీకరించరు. ఈ పనికి క్రాప్, రీసైజ్ తెలిసిన ఏ చిన్న ప్రోగ్రామైనా చాలు.

అపోహ: పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ లేనిదే మొదలుపెట్టలేం.

వాస్తవం: ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే సరిపోతుంది. 8×12 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 2400×3600, అంటే సుమారు 86 లక్షల పిక్సెళ్లు కావాలి. దీనికి మామూలు ల్యాప్‌టాప్ ధారాళంగా చాలుతుంది. 12×36 అంగుళాల ఆల్బం షీటుకు వస్తే 3600×10800, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. 8 బిట్ల రంగులో ఒక్కో పూర్తి లేయరుకే 117 ఎంబీ దాకా మెమరీ పడుతుంది కనుక, పది పన్నెండు లేయర్లు పేర్చగానే ఒక జీబీ దాటుతుంది. మొదట ర్యామ్ పెంచుకోవాలని, గ్రాఫిక్స్ కార్డు సంగతి తర్వాత చూడవచ్చని నేను చెప్పేది ఇందుకే. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కనుక దానికి అంగుళానికి 72 పిక్సెళ్లు చాలు. అందరూ ఫ్లెక్సీ పెద్దది కాబట్టి 300 పెట్టాలనుకుని కంప్యూటర్‌ను మొండికేయిస్తారు.

అపోహ: ఫోటో మీద తెలుగు సరిగ్గా రావాలంటే అను ఫాంట్లు తప్పనిసరి.

వాస్తవం: అను ఫాంట్లు యూనికోడ్, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత స్థానం కేటాయించే ప్రమాణం, పాటించేవి కావు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు రూపాలను పెట్టినవి అవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పీఎస్‌డీ తెరిచి అక్షరాలను సవరించబోతే గజిబిజి గుర్తులు కనిపించడం అందుకే. పాత ఫోటోషాప్‌లకు యూనికోడ్ తెలుగులోని ఒత్తులను సరిగ్గా కూర్చడం రాకపోవడంతో ‘లక్ష్మి’ని విరిచి ముక్కలుగా చూపించేవి కనుక, ఆ రోజులలో డిజైనర్లకు వేరే దారి లేకపోయింది. ఇప్పటి ఫోటోషాప్‌లో యూనికోడ్ ఒత్తులు, గుణింతాలు సవ్యంగా వస్తాయి. జింప్‌లోనూ అంతే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, ఎన్టీఆర్, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లతో శుభలేఖ తయారుచేసి, అందులోని వరుడి పేరును కాపీ చేసి నేరుగా ఆల్బం మొదటి షీటు మీద పెట్టుకోవచ్చు. రెండోసారి టైపు చేయవలసిన పని లేదు.