ఎండకు పైపు ఎందుకు పసుపెక్కుతుంది?

"పీవీసీ పైపులు నెలల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. పైవైపు పసుపెక్కింది. ఇంకా పనికొస్తాయా?" అని ఒక పాఠకుడు అడిగారు. రంగు మారింది పైపైనే అయితే చాలావరకు పనికొస్తాయి. కాకపోతే కొత్తవాటిలా ఎత్తి పడేస్తే ఊరుకోవు. ఎందుకో తెలియాలంటే ఆ పసుపు ఎలా పుట్టిందో చూడాలి.

పీవీసీ అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. అందులో ఒక కార్బన్ విడిచి ఒకదానికి క్లోరిన్ అంటుకుని ఉంటుంది. ఏ లోపమూ లేని గొలుసు ఎండలోని అతినీలలోహిత కిరణాలను దాదాపు పీల్చుకోదు. కానీ తయారీలో తగిలిన వేడికి అక్కడక్కడా ద్విబంధాలు (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు), ఆక్సిజన్ చేరిన చోట్లు మిగిలిపోతాయి. కిరణానికి పట్టు దొరికేది అక్కడే. 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతికి మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. కార్బన్-క్లోరిన్ బంధం తెగడానికి 330 చాలు. ద్విబంధం పక్కనున్న క్లోరిన్ ఇంకా తేలిగ్గా ఊడుతుంది. అది పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను వెంటబెట్టుకుని హైడ్రోజన్ క్లోరైడ్‌గా బయటికి పోతుంది. ఖాళీ అయిన చోట కొత్త ద్విబంధం. దాంతో దాని పక్క క్లోరిన్ బలహీనం. అదీ పోతుంది, ఆ తర్వాతదీ పోతుంది. ఒక్క పన్ను ఊడిన జిప్పు ఆ చివరిదాకా విచ్చుకుపోయినట్టే! వెలువడిన హైడ్రోజన్ క్లోరైడ్ ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. ఇలా ఏడెనిమిది ద్విబంధాలు వరసకట్టాక ఆ వరస ఊదా, నీలి కాంతిని మింగేస్తుంది. మిగిలిన కాంతి మనకు పసుపుగా కనిపిస్తుంది. వరస ఇంకా పెరిగితే గోధుమరంగు. జిప్పు ఎంత దూరం విచ్చుకుందో రంగే చెప్పేస్తుంది.

ప్లాస్టిక్ వందల ఏళ్లు నశించదని బడిలో చెప్పి ఊరుకుంటాం. మట్టిలో కలవకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. ఈ రెండోది కూడా పాఠంలో ఉండాలి.

పైపులో కలిపిన టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి కిరణాలను లోపలికి పోనివ్వదు కాబట్టి చెడేది మిల్లీమీటరులో కొద్ది భాగమే. అందుకే నీటి ఒత్తిడిని ఆపే బలం పెద్దగా తగ్గదు. తగ్గేది దెబ్బకు ఓర్చుకునే గుణం. పెళుసెక్కిన పైపొరలో పుట్టిన సన్నటి పగులు అక్కడ ఆగదు, లోపలి మంచి ప్లాస్టిక్‌లోకి దూసుకుపోతుంది. లారీ మీంచి దొర్లించి పడేసినా, రాళ్ల మీద ఈడ్చినా ఆ పగులుకు మనమే దారి ఇచ్చినట్టు. బాగా చలిగా ఉన్నప్పుడు పీవీసీ మామూలుగానే పెళుసు, అప్పుడు ఇంకా జాగ్రత్త. గీత లోతు గోడ మందంలో పదో వంతు దాటితే, అంటే 4 మిల్లీమీటర్ల గోడకు 0.4 దాటితే, ఆ ముక్క కోసి తీసేయాలి.

ఎండ చేసే ఇంకో పని వంచడం. 110 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉన్న పైపు పైవైపు కిందివైపు కన్నా 20 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. పీవీసీ డిగ్రీకి మీటరుకు సుమారు 0.06 మిల్లీమీటరు సాగుతుంది. కాబట్టి పైవైపు 7 మిల్లీమీటర్లు పొడవవుతుంది. అంత చిన్న తేడాకే పైపు మధ్యలో దాదాపు 5 సెంటీమీటర్లు విల్లులా లేస్తుంది! అన్నివైపులా చల్లబడితే చాలావరకు సర్దుకుంటుంది. కానీ బరువు కింద రోజుల తరబడి వేడిలో ఉంటే గొలుసులు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారి ఆ వంపు నిలిచిపోతుంది. గుట్టలో అడుగు పైపు కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోవడమూ ఇందుకే. గుట్ట ఎత్తు మీటరున్నర దాటనివ్వొద్దు. చదునైన నేల మీద, సమాన దూరంలో వేసిన చెక్కల మీద పేర్చి, సాకెట్లను, అంటే ఇంకో పైపు దూరేలా వెడల్పు చేసిన చివర్లను, ఒక వరసలో ఇటు, ఒక వరసలో అటు పెట్టాలి.

కప్పే పట్టా వెలుతురు సోకనిదై ఉండాలి, రెండు చివర్లా గాలి ఆడాలి. పారదర్శకమైన షీటు వేడిని లోపల పట్టి ఉంచుతుంది, వెలుతురునూ ఆపదు. నల్ల పాలిథీన్ పైపుల్లో రెండు, రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నల్లపొడి ఉంటుంది కనుక వాటికి కిరణాల బెడద తక్కువ, కానీ వేడి మాత్రం ఎక్కువే పట్టుకుంటాయి.

అతుకుల్లో వేసే రబ్బరు రింగులు పైపులతో పాటు బయట వదలొద్దు. ఎండ, ఓజోన్, నూనె మూడూ వాటికి పడవు. పైపులను అతికించే జిగురు, అంటే సాల్వెంట్ సిమెంట్, డబ్బా మూత బిగించి, నిప్పుకు దూరంగా నీడలో ఉంచండి. జిగురు గడ్డకట్టి ఉంటే ఏదో కలిపి పలచన చేయకుండా పారేయండి.