సీటు మీద తువ్వాలు

చిత్తూరు నుంచి ఒకామె అడిగారు: "మా చెల్లికి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ కేజీన్నర. గాజుపెట్టెలోంచి తీసి తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెడతామంటున్నారు. తల్లి ఒంటి మీద క్రిములుండవా? చెల్లి వాళ్ళత్తకు ఒకటే టెన్షన్."

ఉంటాయి. అవి బిడ్డకు అంటాలి కూడా.

పండగ ముందురోజు తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కినవాళ్ళకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్ళు పడతాయి. తువ్వాలు పడ్డ సీటు జోలికి ఎవరూ పోరు. అప్పుడే పుట్టిన బిడ్డ చర్మం, పేగు దాదాపు ఖాళీ బస్సు. తల్లి ఒంటి మీది సూక్ష్మజీవులు ముందెక్కితే సరి. లేదంటే ఆ సీట్లు ఆసుపత్రిలో మకాం పెట్టిన జబ్బు క్రిములకు, అంటే క్లెబ్సియెల్లాకో, అసినెటోబాక్టర్‌కో పోతాయి. ఈ రెండోది పొడి రేకు మీద కూడా వారాల తరబడి బతుకుతుంది, చేతుల మీదుగా మంచం నుంచి మంచానికి పోతుంది. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగదు.

సీటు పట్టినవాళ్ళకు తిండీ కావాలిగా! లీటరు తల్లిపాలలో సుమారు 10 గ్రాముల ఒలిగోశాకరైడ్లు అనే చక్కెరలు ఉంటాయి, ముర్రుపాలలో ఇంకా ఎక్కువ. వీటిలో 200 రకాల దాకా గుర్తించారు. విచిత్రమేమిటంటే బిడ్డ వీటిని అరిగించుకోలేదు. ఆ వంట బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ అనే మంచి బాక్టీరియా లాంటి అతిథుల కోసం. అవి తిని అసిటేట్, లాక్టేట్ అనే పుల్లని పదార్థాలు వదులుతాయి. పేగులో పులుపు పెరుగుతుంది, క్లెబ్సియెల్లా పెరుగుదల మందగిస్తుంది. పాలలోని లాక్టోఫెర్రిన్ అనే ప్రొటీన్ ఇనుమును పట్టేసుకుంటుంది. ఇనుము దొరకని క్లెబ్సియెల్లా చిల్లర లేని ప్రయాణికుడే. ఇక పాలలోనే ఉండే, క్రిములను అడ్డుకునే ఐజీఏ యాంటీబాడీలు కండక్టరులా ఫుట్‌బోర్డు మీదే అడ్డుకుంటాయి.

అవసరం లేకుండా యాంటీబయాటిక్ ఇస్తే? బస్సులో అందరినీ దించేసినట్టే. మళ్ళీ తోపులాట, ఈసారి మొండివాళ్ళదే పైచేయి.

మా అవ్వ కాలంలో ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డకు ఆముదం నాకించేవాళ్ళు. చదువుకున్న ఇళ్ళలోనూ అంతే. అయితే పురిటిమైల పేరుతో పదకొండు రోజులు చుట్టాలను గడప దాటనివ్వకపోవడం మాత్రం, కారణం ఏదైనా, బిడ్డకు మేలే చేసింది. ఇప్పుడా మైల పోయింది, వార్డు నిండా చూడొచ్చినవాళ్ళే! కొండ మీది తీర్థమైనా సరే, బిడ్డ నోట్లో చుక్క వేయకండి.

బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించే ఈ పద్ధతి లేమిలోంచి పుట్టింది. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డలను తల్లుల రొమ్ములకు కట్టించాడు. కంగారూ సంరక్షణ అన్నారు. దీని మీద 2021లో వెలువడిన పరీక్ష ఇంకా గట్టిది. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో, కేజీ నుంచి 1.8 కేజీల లోపు బరువున్న 3,211 మంది శిశువులు. బిడ్డ నిలకడపడేదాకా ఆగకుండా పుట్టగానే మొదలుపెడితే 28 రోజుల్లో మరణాలు 15.7 నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇన్ఫెక్షన్ అనుమానాలూ తగ్గాయి. లాభాలు ఎంత స్పష్టంగా కనిపించాయంటే, పరీక్షను ముందుగానే ఆపేశారు. వెంటిలేటర్ మీదున్న బిడ్డ సంగతి మాత్రం డాక్టరే తేల్చాలి.

బిడ్డను ఇలా రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఆనించుకోవాలి, ఎంత ఎక్కువైతే అంత మంచిది. చెల్లి అలిసిపోయినప్పుడు, నర్సమ్మ సరేనంటే, గాజులు ఉంగరాలు తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వాళ్ళత్తగారే బిడ్డను ఆనించుకోవచ్చు. దగ్గు, జలుబు ఉంటే వద్దు.